మా వైపు కబుర్లు: చెయ్యెత్తిన పాపానికి

కిందటి సంచికలో రాగిసంగటి గురించి రాస్తే ముగ్గురు ఉత్తరాలు రాశారు. ఇద్దరు మెచ్చుకున్నారు. మూడో ఆయన 'సంగటి గురించి రాసి ఊరుబిండి మాట ఎత్తకపోవడం ఘోరం' అని కోప్పడ్డారు. ఒప్పుకుంటున్నాను. ఊరుబిండి బాకీ ఇంకో సంచికలో తీర్చుకుంటాను. ఈసారి వేరే కథ ఉంది.

ఈ ఏడాది జూన్ మొదటివారంలో మా మనవరాలి బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. కోడలికి సెలవు దొరక్క నన్ను పంపింది. మార్కులు, ఫీజులు, మధ్యాహ్నం డబ్బాలో చిప్స్ పెట్టొద్దనడం, అన్నీ అయ్యాక హెడ్‌మిస్ట్రెస్‌గారు చివరగా ఒక సంగతి చెప్పారు. బడిలో కబ్స్, బుల్‌బుల్స్ దళాలు నడిపే టీచరమ్మకు బదిలీ అయింది. పోయిన ఏడాది పిల్లలు కూడా పెద్ద క్లాసులకి వెళ్ళిపోయారు. కొత్తగా పిల్లలు చేరకపోతే ఈ ఏడు నమోదు పునరుద్ధరించడం కష్టం. ఒక సాయంత్రం తల్లిదండ్రులనూ పిల్లలనూ పిలిచి, ఇదేమిటో చెప్పి, చేర్పించే బాధ్యత ఎవరైనా తీసుకుంటారా అని అడిగారు.

గదిలో నిశ్శబ్దం. అందరికీ ఒక్కసారిగా తమ చెప్పులు చాలా ముఖ్యమైన వస్తువుల్లా కనిపించాయి. ఒకాయన ఫోను చెవిన పెట్టుకుని బయటికి నడిచాడు. ఆ ఫోను మోగిన చప్పుడు మాత్రం మాకెవరికీ వినపడలేదు. నిశ్శబ్దాన్ని భరించే శక్తి నాకు చిన్నప్పటినుంచీ లేదు. తపాలా ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పైగా కౌంటరు ముందు కూర్చున్న మనిషిని, మాట్లాడకుండా ఎదురుగా నిలబడేవాళ్ళను చూస్తే 'ఏం కావాలి?' అని అడిగేయడం అలవాటు. చెయ్యెత్తాను.

ఇంటికొచ్చి చెబితే మావారు పేపరు దించకుండానే, "నీకు అరవై రెండేళ్ళు, వాళ్ళకి ఆరేళ్ళు" అన్నారు. ఆ లెక్కలో తప్పు లేదు కాబట్టి జవాబివ్వలేదు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. స్కౌట్లంటే మనకు ఆగస్టు పదిహేనున మెడలో స్కార్ఫు కట్టుకుని జెండా దగ్గర నిలబడే పిల్లలుగానే తెలుసు. బేడెన్ పవెల్ అనే సైనికాధికారి 1907లో ఇంగ్లండులో బ్రౌన్సీ అనే దీవి మీద పట్టుమని ఇరవైమంది పిల్లలతో శిబిరం పెట్టి దీన్ని మొదలుపెట్టాడు. రెండేళ్ళకే, 1909లో, అది మన దేశంలోకి వచ్చింది. వచ్చింది ఎక్కడికో కాదు, మా పక్కనున్న బెంగళూరుకే. కాని అప్పట్లో తెల్లవాళ్ళ పిల్లలకే ప్రవేశం. మన పిల్లలు గోడ బయటినుంచి చూడవలసిందే. మనవాళ్ళకు ఆ తలుపు తెరవడానికి అనీబిసెంటమ్మ మద్రాసులో భారతీయ బాలల కోసం విడిగా సంఘం పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక వేరువేరు సంఘాలన్నీ కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. మరుసటి ఏడాది ఆగస్టు 15న గైడ్స్ కూడా వచ్చి చేరారు. పదేళ్ళు దాటిన మగపిల్లలు స్కౌట్లు, ఆడపిల్లలు గైడ్లు. అంతకంటే చిన్నవాళ్ళలో మగపిల్లలు కబ్స్, ఆడపిల్లలు బుల్‌బుల్స్. ఆరుగురికి ఒక గుంపు, నాలుగు గుంపులైతే దళం నిండినట్టు. కబ్స్‌ని చూసే పెద్దమనిషిని 'అకేలా' అంటారు. మోగ్లీ కథలోని తోడేళ్ళ పెద్ద పేరది.

'గోడ బయటినుంచి' అని రాస్తుంటే కలం కొంచెం ఆగింది. ఆ సంగతి తరవాత చెబుతాను.

చేర్పులకు ముందు కాగితాలు. జిల్లా కేంద్రంలో కనుక్కుని రావాలంటే శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం బస్సెక్కాను. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ సంచులతో జనం ఎక్కి దిగుతూనే ఉన్నారు. నా పక్క సీటులో ఒక సంచి కూర్చుంది. దాని యజమాని నిలబడ్డాడు. అక్కడ మర్యాదల క్రమం అది. చిక్కబళ్ళాపురంలో నాకు కావలసిన ఫారాలు, ఏ వయసువాళ్ళను ఎందులో చేర్చాలన్న వివరాలు, మర్యాదగా చెప్పారు. వచ్చేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పి పంపారు. పిల్లలు దొరుకుతారమ్మా, పెద్దవాళ్ళే దొరకరు, ఆడపిల్లల దళానికి శిక్షణ తీసుకున్న ఆడమనిషి ఉండాలి, ముందు ఆమెను వెతుక్కోండి అని. నేను తల ఊపి, ఆ మాటను ఫారాలతోపాటు సంచిలో పెట్టేసుకుని మరిచిపోయాను.

తరవాత కరపత్రం. ఏ భాషలో వెయ్యాలన్నది మొదటి చిక్కు. ఆంధ్ర నుంచి చదివే పాఠకులకు మా పరిస్థితి వింతగా ఉండవచ్చు. చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో ఇంట్లో, సంతలో, పొలంలో తెలుగే. బడి కన్నడం, లేదా ఇంగ్లీషు. కాబట్టి తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరం రాదు. కన్నడంలో వేస్తే చదవగలరు, కాని అది బ్యాంకు నోటీసులా ఉంటుంది. చివరికి తోవ చూపించింది కైవారం తాతయ్య. మా తాలూకాలోనే కైవారంలో గాజులమ్ముకుంటూ యోగి అయిన ఆ మహానుభావుడి తెలుగు పదాలు మా ఇళ్ళలో కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకాల్లోంచే పాడుకుంటారు. తాతయ్యకు చెల్లినది మనకు చెల్లదా? తెలుగు మాటలు, కన్నడ అక్షరాలు. ప్రెస్సతను ప్రూఫు చూసి, "అమ్మా, ఇది చదివితే మా అమ్మ మాట్లాడినట్టుంది" అన్నాడు. ఇంతకంటే మెప్పు ఈ కాలమ్‌కు కూడా ఎప్పుడూ రాలేదు.

జూన్ ఆఖరి శుక్రవారం, సాయంత్రం ఆరు గంటలకి అనుకున్నాం. నలభై కుర్చీలు వేయించాను. కొబ్బరి బిస్కట్లు, టీ తెప్పించాను. ఉపన్యాసం రాసుకున్నాను. మా జిల్లాలో ఏ ఉపన్యాసమైనా ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారితో మొదలవకపోతే చెల్లదు కనక ఆయనతో మొదలుపెట్టి, గౌరిబిదనూరు తాలూకా హోసూరు నుంచి చదువు కోసం బెంగళూరుకు కాలినడకన వెళ్ళి, చివరికి అక్కడి విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలరైన నరసింహయ్యగారి మీదుగా బేడెన్ పవెల్ దగ్గరికి చేరేటట్టు ఏర్పాటు చేశాను. మొత్తం ఎనిమిది పేజీలు.

ఆరున్నరయింది. వచ్చినవాళ్ళు నలుగురు పిల్లలు. అందులో ఒకతి నా మనవరాలు. ఇద్దరు బడి ఆయా పిల్లలు, వాళ్ళెలాగూ అక్కడే ఉంటారు. నాలుగోవాడు బంతి కోసం గోడ దూకినవాడు. విశ్వేశ్వరయ్యగారిని సంచిలోంచి తియ్యలేదు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ ఊరికి టీవీ సీరియళ్ళు తప్ప ఏమీ పట్టవని, ఉచితంగా చేస్తే విలువుండదని, ఆయాతో చాలా మాటలే అన్నాను. ఆమె కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపుతూ అన్నీ విని, నెమ్మదిగా అంది.

"కోప్పడొద్దు మేడం. మా పక్క ఊర్లన్నిట్లో ఒకే చోటినుంచి చాకీ పురుగులు తెచ్చుకోనుండారు. అందరివీ నాలుగో జ్వరం లేచినాయి. ఇప్పుడు మేత యాళ. ఎవురొస్తారు?"

నేను ఆ కుర్చీల్లోనే ఒకదాని మీద కూలబడ్డాను.

పట్టుపురుగులు పెంచనివారికి చెప్పాలి. పురుగు గుడ్డులోంచి వచ్చింది మొదలు గూడు కట్టేదాకా నాలుగుసార్లు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండి, పాత చర్మం విడుస్తుంది. దాన్నే జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచిందంటే ఇక ఆఖరి వారం. తన జీవితం మొత్తం మీద తినే ఆకులో చాలా భాగం ఆ వారంలోనే తింటుంది. ఆ వారం ఇంట్లో పెళ్ళయినా వాయిదా వేస్తారు. ఆకు కోసేవాళ్ళు కోస్తూనే ఉండాలి, పరిచేవాళ్ళు పరుస్తూనే ఉండాలి. రాత్రి దీపం ఆర్పి పడుకుంటే చీకట్లో వాన కురుస్తున్నట్టు చప్పుడు. అది వేల నోళ్ళు ఆకు కొరికే చప్పుడు.

ఇదంతా నాకు ఎవరో చెబితే తెలిసింది కాదు. నేను పుట్టిందే ఆ చప్పుడులో. బాగేపల్లి దగ్గర మా పుట్టింట్లో నడవ నిండా వెదురు తట్టలే ఉండేవి. పిల్లలం తట్టల మధ్య దారిలో పడుకునేవాళ్ళం. అప్పుడది కోలారు జిల్లా. చిక్కబళ్ళాపురం జిల్లా అయింది 2007లో. నేను ఐదో తరగతిలో ఉండగా మా బడిలో గైడ్స్ దళం పెట్టారు. నీలం యూనిఫారం కుట్టించుకోవాలి, వారానికొక సాయంత్రం ఆగాలి. అమ్మను అడిగాను. ఆమె చేతిలో ఆకుల బుట్ట ఉంది. "మేత ఎవరు పెడతారు? నువ్వు కాదా?" అంది. కోపంగా కూడా అనలేదు. యూనిఫారం డబ్బుల మాట అసలు రానే లేదు, అక్కడిదాకా పోతే కదా. తరవాత రెండేళ్ళు ఆ సాయంత్రాల్లో ఇంటికి పోతూ బడి గోడ పక్కన కాసేపు నిలబడేదాన్ని. లోపల వాళ్ళు తాళ్ళతో ఏవో ముడులు వేసేవారు. గోడ పొట్టిదే. చూడటానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

అలాంటి నేను, ఊళ్ళకి ఊళ్ళు మేత వేసే వారంలో, మేత వేసే గంటకి, నలభై కుర్చీలు వేయించి ఎవరూ రాలేదని అలిగాను.

రెండో ప్రయత్నం జూలైలో. ఈసారి తేదీ నేను పెట్టలేదు, ఆయా పెట్టింది. గూళ్ళు విప్పి, సంతకి వేసి, డబ్బు చేతికొచ్చి, ఇల్లు కడిగి సున్నం చల్లుకున్న తరవాతి ఆదివారం. ఉపన్యాసం రద్దు. కుర్చీలు కూడా రద్దు, జంబుఖానాలు పరిచాం. జనం వచ్చారు. ఎంతమందో లెక్కపెట్టే తీరిక నాకు లేదు, బిస్కట్లు మాత్రం చాల్లేదు.

మొదట ఒక ఆట. కిప్లింగ్ 1901లో రాసిన 'కిమ్' నవలలో కుర్రవాడికి వేగు పని నేర్పడానికి పళ్ళెంలో రత్నాలు చూపించి, కప్పేసి, ఏమేమి ఉన్నాయో చెప్పమంటారు. బేడెన్ పవెల్ దాన్ని తీసుకుని స్కౌట్లకు ఆటగా పెట్టాడు. రత్నాలు మా దగ్గర లేవు. పెద్ద పళ్ళెంలో ఇరవై వస్తువులు పెట్టాను: పట్టుగూడు, చంద్రిక నుంచి విరిగిన వెదురు ముక్క, రాగికంకి, చింతపిక్క, పచ్చి టమాట, పండు టమాట, బస్సు టికెట్టు, గాజుముక్క, నా పాత రబ్బరు స్టాంపు, ఇలాంటివి. ఒక నిమిషం చూపించి తువ్వాలు కప్పేశాను. ఇంగ్లీషు గడగడలాడించే పిల్లలు పది, పన్నెండు దగ్గర ఆగిపోయారు. వెనక వరసలో ఒక పిల్ల లేచి, వేళ్ళు మడుస్తూ పంతొమ్మిది చెప్పింది. ఆపైన, "పండు టమాటకి పురుగు కొట్టిండాది" అంది. అది నేనే చూడలేదు. క్లాసులో ఈ పిల్ల గొంతు ఇంతవరకూ వినలేదని వాళ్ళ టీచరు నా చెవిలో అంది.

తరవాత తాళ్ళు. లావు తాడునూ సన్న తాడునూ కలిపే ముడి ఒకటుంది. స్కౌట్లు షీట్ బెండ్ అంటారు. వారం రోజులు సాధన చేసి వచ్చాను, అయినా అందరి ముందూ రెండుసార్లు జారింది. ఆ పిల్ల పక్కనున్న అవ్వ కాసేపు చూసి చూసి ఉండబట్టలేక, "ఇట్లియ్యమ్మణ్ణీ" అని తాడు లాక్కుంది. రెండు వేళ్ళ సందున ఏం చేసిందో, కన్నార్పేలోపు ముడి పడింది. "ఇది మేము మగ్గం మీద పోగు తెగితే ఏసేది కదా. దీనికి ఇంగిలీసు పేరు ఏల?" అంది. ఆమె పుట్టినిల్లు నేతవాళ్ళది. నిజమే, నేతగాళ్ళ ముడీ, షీట్ బెండూ ఒకటే. వేసే తీరే వేరు. ఆ తరవాత అరగంటసేపు ముడుల పాఠం అవ్వదే. నేను తాళ్ళు అందించాను.

అప్పుడొచ్చాయి ప్రశ్నలు. ఒక తండ్రి, "ఇది మిలిటరీ కాదు కదా మేడం?" అన్నాడు. కాదన్నాను. "దీనికి మార్కులుంటాయా?" అన్నాడు ఇంకొకాయన. ఆరేళ్ళవాడికి మార్కులెందుకయ్యా అన్నాను. "డబ్బెంత?" ఇది అసలు ప్రశ్న. ఇక్కడ నేను ముందే హెడ్‌మిస్ట్రెస్‌గారితో పోట్లాడి ఉంచుకున్నాను. యూనిఫారం లేనిదే రావద్దు అనే మాట ఈ బడిలో వినపడకూడదని. ముందు రండి, ఆడండి. స్కార్ఫులు మావారి పింఛనులోంచి వస్తాయి (ఈ సంగతి ఆయనకు ఆ రోజే తెలిసింది). ప్రమాణం చేసే రోజుకి పాత పిల్లల యూనిఫారాలు బీరువాలో ఉన్నాయి, సరిచేసి ఇస్తాం. పొడుగు పెరిగే పిల్లలు విడిచిన బట్టలు చిరగవు కదా.

చీకటి పడేలోపు పేర్లు ఇచ్చినవాళ్ళు మగపిల్లలు పద్నాలుగురు, ఆడపిల్లలు పదమూడుగురు. మగపిల్లలకు అకేలాగా ఉండటానికి డ్రాయింగు మాస్టారు ముందే ఒప్పుకున్నారు. ఆడపిల్లలకో? సంచి అడుగున పెట్టి మరిచిపోయిన మాట అప్పుడు పైకి వచ్చింది. నేనే ఉందామా అంటే, బుల్‌బుల్స్‌తో నేల మీద కూర్చోవాలి, లేవాలి, గెంతాలి. నా మోకాళ్ళు మొదటి రెండింటికే ఒప్పుకోవు. పైగా పదేళ్ళు నిలబడే మనిషి కావాలి.

అడిగాను. మళ్ళీ అదే నిశ్శబ్దం, జూన్‌లోదే. ఈసారి చెప్పులు బయట విడిచారు కనక జంబుఖానా అంచులు చూశారు. నేను ఈసారి నిశ్శబ్దాన్ని తొందరపడి చెడగొట్టలేదు. చాలాసేపటికి, "శిక్షణ అంటే ఎన్ని దినాలు మేడం?" అని ఒక గొంతు. పంతొమ్మిది వస్తువుల పిల్ల తల్లి. పీయూసీ రెండో ఏడు పాసై, పెళ్ళయి, ఎనిమిదేళ్ళుగా పురుగుల ఇంట్లో ఉంది. వారం రోజులు, దొడ్డబళ్ళాపురంలో అనీబిసెంటమ్మ పేరున్న శిక్షణ కేంద్రం, అక్కడే బస, ఆడవాళ్ళకి విడిగా వసతి, అన్నాను. ఎప్పుడు అంది. దసరా సెలవుల్లో అన్నాను.

ఆమె అత్తగారి వైపు చూసింది. అత్తగారంటే మన ముడుల అవ్వే. అంతసేపూ పిల్లల మధ్య కూర్చుని నవ్వుతున్న ఆ మొహంలో నవ్వు ఆగింది. "దసరాకి మళ్ళా పంట ఉంటాది. నాలుగో జ్వరం లేచే యాళ. మేత ఎవురు పెడతారు?" అంది.

యాభై ఏళ్ళ కిందటి మాట. గొంతే వేరు. ఆ అవ్వ దుర్మార్గురాలు కాదు, మా అమ్మా కాదు. ఒక మనిషి తగ్గితే ఆ వారం ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పంట పోతే ఆ పూటకి కాదు, ఆ ఏడాదికి దెబ్బ. దానికి జవాబుగా స్త్రీ స్వాతంత్ర్యం గురించి నేనేదైనా చెబితే అది నా ఎనిమిది పేజీల ఉపన్యాసానికి తొమ్మిదో పేజీ అవుతుంది.

"నేను పెడతానవ్వా" అన్నాను.

అవ్వ నన్ను మెట్టెల నుంచి కళ్ళజోడు దాకా చూసింది. "నీకొచ్చునా?" అంది. బాగేపల్లి పక్క మా ఊరి పేరు చెప్పాను. మా నాయన పేరు చెప్పాను. ఆకు తడిగా పెట్టకూడదని, చేతులు కడుక్కోకుండా లోపలికి రాకూడదని, జ్వరంలో ఉన్నప్పుడు తట్ట కదిలించకూడదని చెప్పాను. "ఇప్పుడు తట్టలు ఏడుండాయి, రెమ్మలతోనే పరస్తాము" అని దిద్దింది. కాసేపాగి, "సెంటు గింటు పూసుకోని రావద్దు" అంది. అదే ఒప్పుకోలు.

ఇది రాస్తున్నది దసరా సెలవుల్లో, వాళ్ళ ఊళ్ళో, పురుగుల ఇంటి బయట అరుగు మీద. ఇవాళ నాలుగో రోజు. మొదటిరోజు నేను పరిచిన రెమ్మలు అవ్వ మళ్ళీ తీసి పరిచింది. రెండోరోజు సగం తీసింది. ఇవాళ ముట్టుకోలేదు, కాని 'బాగుంది' అనే మాట ఆమె నోట రాదు, నేనూ ఎదురుచూడటం లేదు. మనవరాలు బడిలో నేర్పిన ముడితో మేక తాడుకి ఇంకో తాడు కలిపింది. మేక దాన్ని విప్పుకుని పోయి మల్బరీ తోటలో పడింది. సాయంత్రం అందరం దాని వెనక పరుగు. నా మోకాళ్ళ గురించి మావారికి చెప్పవద్దని పాఠకులకు మనవి.

కోడలు రాత్రి ఫోను చేసింది. భోజనం బాగుందట, పక్క మంచం ఆమె బళ్ళారి నుంచి వచ్చిందట, పొద్దున్న జెండా కట్టడం నేర్పారట. అవ్వ ఫోను తీసుకుని మొదట అడిగిన మాట, "ఆడ సంగటి పెడతారా?" కోడలు శనివారం సాయంత్రానికి వస్తుంది. పురుగులు ఆదివారం పొద్దున్నకి పండి చంద్రికలు ఎక్కేటట్టున్నాయి. ఒకరోజు ముందే పండితే మాత్రం మా ఇద్దరి చేతులూ చాలవు, ఆయాను పిలవాలి. లోపల వాన చప్పుడు మొదలైంది. పదకొండు గంటల మేత వెయ్యాలి, వస్తాను.